లారీలు కావు, నాస్‌కార్ ట్రక్కులు

నరైన్ కార్తికేయన్ పేరెత్తగానే అందరికీ ఫార్ములా వన్ గుర్తొస్తుంది. నాకు మాత్రం 2010లో ఆయన అమెరికా వెళ్ళి నాస్‌కార్ ట్రక్కులు నడపడమే ఎక్కువ ఇష్టం. మా జలదంకిలో ఈ మాటంటే “లారీల పందెమా?” అని నవ్వారు. లారీలు కావండీ, పికప్ బండి ఆకారంలో కట్టిన స్టాక్ కార్లు!

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరు ఆయనది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు. ఆ ఏడు ఇండియనాపొలిస్‌లో నాలుగో స్థానం సాధిస్తే, “పరుగెత్తినవి ఆరు కార్లేగా” అని తీసిపారేసినవారే ఎక్కువ. (టైర్ల భయంతో తక్కిన పద్నాలుగు కార్లు తప్పుకోవడం ఆయన నేరమా?)

అంతటివారు 33వ ఏట మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నారు. మార్టిన్స్‌విల్ బాట ఒక చుట్టు కిలోమీటరైనా ఉండదు. మలుపులన్నీ ఎడమకే. ఫార్ములా కార్లలో చక్రానికి చక్రం తగిలితే ఇద్దరి పనీ అయిపోయినట్టే. ఇక్కడ బండ్లు ఒరుసుకుంటూనే పోతాయి. అక్కడ తొలి పందెంలోనే పదమూడో స్థానం. ఆ ఏడాది ఒక్క గెలుపూ దక్కలేదు. అయినా అభిమానులు వోట్లు వేసి, ఆ పోటీలలో అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవరుగా ఆయననే ఎన్నుకున్నారు.

2011లో తిరిగి ఫార్ములా వన్‌కు వెళ్ళిపోయారు, అందరికన్నా వెనకబడే హిస్పానియా కారు నడపడానికి. ట్రక్కులతో మరొక్క ఏడాది ఉండవలసిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.