దిక్సూచి మొక్క

పువ్వు పేరు తెలిసికొనుట వేఱు, పువ్వును గుర్తెఱుగుట వేఱు. పేరు పుస్తకమున దొరకును; గుర్తును నేలమీదనే నేర్వవలయును.

నేను కాపురముండు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమునకు ‘ప్రెయిరీ రాష్ట్ర’మని బిరుదు కలదు. ప్రెయిరీ యనగా చెట్లు తక్కువగ నుండి, గడ్డితోను పూలమొక్కలతోను నిండిన మైదానము. అచ్చట జూలై మాసమున నేను ఏటేట వెదకి చూచు పువ్వొకటి కలదు. ఆంగ్లమున దానిని కంపాస్ ప్లాంట్ అందురు. మనము దిక్సూచి మొక్క యనవచ్చును. శాస్త్రజ్ఞు లిచ్చిన పేరు సిల్ఫియం లాసినియేటం.

దూరమునుండి చూచువారు దీనిని పొద్దుతిరుగుడని తలంతురు. రెండును ఒక్క కుటుంబములోనివే. పసుపు రేకులును ఒక్క తీరుననే యుండును. కాని మూడు గుర్తులు పట్టుకొన్నచో సందేహ ముండదు. మొదటిది ఆకు: మూరెడు పొడవుండి లోతుగా చీలియుండును. మొదలునుండి లేచు ఆకులు చాలవఱకు అంచులను ఉత్తర దక్షిణములకును, ముఖములను తూర్పు పడమరలకును త్రిప్పి నిలుచును. అందుచే మధ్యాహ్నపు టెండ వానికి నేరుగా తగులదు, నీరు పొదుపగును. రెండవది కాండము: ముతక నూగు గలిగి, గాయపడినచోట జిగురు కారును. మూడవది గింజ: పొద్దుతిరుగుడున నడిమి బిళ్ల గింజ కట్టును, దీనియందు అంచునగల రేకుల పూవులే కట్టును.

వీనికంటె పెద్ద గుర్తు దాని చోటు. దీని వేరు పదునైదడుగుల వఱకు దిగును. పూయుటకు ముందు కొన్నేండ్లు ఆకులతోడనే గడపును. నిప్పంటినను, కఱవు వచ్చినను మరల చిగిర్చును గాని నాగలికి నిలువదు. 1837లో జాన్ డీర్ అను కమ్మరి ఇల్లినాయిలోనే ఉక్కునాగలి చేసెను. పిమ్మట ఆ నేల మొక్కజొన్న, సోయా పొలములాయెను. 2 కోట్ల ఎకరములకు మించిన ప్రెయిరీలో చెడక నిలిచినది వేయింట నొక వంతైనను లేదు. ఆ మిగిలినదియు రైలు కట్టల ప్రక్కను, తొలి వలసదారుల శ్మశానములందును కానవచ్చును. గోరీల నడుమ నెవ్వరు దున్నుదురు?

విస్కాన్సిన్‌లో నట్టి శ్మశానపు మూల బ్రదికిన యీ మొక్కను రోడ్డు పనివారు కంచె తొలగించి కోసివేసిన వృత్తాంతమును, 1949లో వెలువడిన గ్రంథమున ఆల్డో లియోపోల్డ్ వ్రాసెను. నేను పోవు శ్మశానమును గూడ నున్నగ కోయించి శుభ్రము చేయవలెనని కొందఱు పెద్దమనుష్యులు కోరుచున్నారు. వారిది దురుద్దేశము కాదు. వారి కంటికది కలుపు.

దున్నని నేలను మనము బీడందుము. ఆ మాటలో పనికిమాలినదను భావ మొకటి చేరియున్నది. చదువరులారా, మీ యూరి బీడును బాగుచేయుటకు పూనుకొనునప్పుడు ఒక్క యేడాది కొడవలి నాపి, అందేమి పూచునో చూడుడు. పేరు తరువాత తెలిసికొనవచ్చును.