పురుగుమందు వార్డు నుంచి పురిటిగదికి

మా రిజిస్ట్రేషన్ కాగితం మీద రెండు మాటలుంటాయి: రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. జి.ఎన్.ఎం.లో ఆఖరి ‘ఎం’ మిడ్‌వైఫరీయే. అయినా 11 ఏళ్ళ పాటు ఆ రెండోమాటతో నాకు పనే పడలేదు. క్యాజువాలిటీలోనే గడిచిపోయింది.

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో క్యాజువాలిటీకి పురుగుమందు వాసన ఉంటుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు, దోమ మీద కొట్టాల్సిన మందు రైతులే తాగి పోయిన సంగతి ఇక్కడ పెద్దవాళ్ళందరికీ గుర్తే. నా కాలానికీ ఆ వాసన పోలేదు. నోట నురగ, సూదిమొనంత కంటిపాప, మందగించిన నాడి. అట్రోపిన్ ఇవ్వాలి, 5 నిమిషాలకోసారి చూడాలి, ఛాతీలో చెమ్మ తగ్గకపోతే మోతాదు రెట్టింపు చెయ్యాలి. అక్కడ ఊరికే నిలబడితే మనిషి దక్కడు. ఆ తొందర నా చేతులకు పట్టేసింది.

కాన్పుల వార్డుకి అడిగి మరీ మారాను. చావులు చూసి విసిగిపోయిందనుకున్నారు మావాళ్ళు. అదీ నిజమే. కానీ పురుగుమందు తాగినవాళ్ళ భార్యలు నిండు కడుపులతో వరండాలో కూచోవడం కూడా చూశాను. వాళ్ళేమయ్యారో క్యాజువాలిటీలో ఉండగా ఎప్పుడూ తెలిసేది కాదు.

మొదటి వారంలో, మిరపకోతలకని కర్నూలు వైపు నుంచి వలసొచ్చిన ఒకామె నొప్పులతో చేరింది. హిమోగ్లోబిన్ 8. నేను ఆమె మంచం చుట్టూ తిరుగుతుంటే పెద్ద సిస్టరు నవ్వింది. “ఆమెకి రోగమేం లేదే అమ్మాయ్. ఒళ్ళు దాని పని అది చేసుకుంటది. కూచోని చూస్తా ఉండు.”

చూడటమంటే ఖాళీగా కూచోవడం కాదని ఆ రాత్రే అర్థమైంది. అరగంటకోసారి బిడ్డ గుండె వినాలి, నిమిషానికి 110కి తగ్గకూడదు, 160 దాటకూడదు. పొట్టమీద చెయ్యేసి 10 నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయో లెక్కపెట్టాలి. అన్నీ పార్టోగ్రాఫ్‌లో ఎక్కించాలి. తొందరపడాల్సిన ఘడియ ఏదో ఆ కాగితమే చెబుతుంది. అది రానంతసేపూ చేతులు కట్టుకోవడమే వైద్యం. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలిస్తూ నర్సులకు 18 నెలల శిక్షణ పెట్టింది. ఇది విన్నప్పుడు అంతకాలం ఎందుకని నాకనిపించలేదు.

బిడ్డ తెల్లవారుజామున పుట్టింది. నిమిషంలోపే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇచ్చాం. అయినా గర్భసంచి మెత్తగానే ఉంది, నెత్తురు ఆగలేదు. ఒంట్లో రక్తమే లేని మనిషికి అర లీటరు పోయినా ప్రమాదమే. అప్పుడు నా పాత చేతులు పనికొచ్చాయి. పెద్ద సిస్టరు గర్భసంచిని మర్దన చేస్తుంటే, నేను రెండు చేతులకీ లావుపాటి క్యాన్యులాలు పెట్టాను. డాక్టరమ్మ వచ్చేసరికి డ్రిప్పులు నడుస్తున్నాయి. కాసేపటికి పెద్ద సిస్టరు, “ఆఁ, గట్టిపడ్డది” అంది. ఆ మాటకోసం అంతలా ఎదురుచూశానని అది విన్నాకే తెలిసింది.

ఆమెకు రక్తం ఎక్కించారు. ఇంటికి పంపేరోజు, 180 రోజులు ఐరన్ మాత్రలు ఆపొద్దని చెప్తున్నాను. బిడ్డను ఒడిలో సర్దుకుంటూ ఆమె అడిగింది:

“కోతలింకా పదిరోజులుంటాయంట. ఎప్పటినుంచి పోవచ్చు సిస్టరమ్మా?”