ఖాస్రా పహాణీ నుంచి కేస్లాపూర్ దాకా

సిరిసిల్ల దగ్గరి మా ఊళ్లో మాకు రెండెకరాల చెల్క ఉండేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. వంశం ఆరా తీయాలంటే ఆ చెల్క సర్వే నంబరు పట్టుకొని పొమ్మని ఒక పాత పట్వారీ సలహా ఇచ్చాడు. సరైన సలహానే. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది. అంతకు ముందటి పల్లెటూరి మనిషికి పుట్టిన తేదీ ఎక్కడ దొరుకుతుంది? శిస్తు కాగితాలను మాత్రం సర్కారు దాచిపెట్టింది.

1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీలో ముత్తాత దొరికాడు. అయితే పట్టాదారు గడిలో వేరెవరిదో ఇంటిపేరు. కాస్తుదారు గడిలో ఈయన పేరు, పక్కన తండ్రి పేరు. అంటే చెల్క మాది కాదు, కౌలుకు చేసింది. ఆ నకలు చూసి మా బాపు చాలాసేపు మాట్లాడలేదు. ఇంకా వెనక్కి పోతే నిజాం కాలపు సర్వే తర్వాత ఉర్దూలో రాసిన సేత్వార్ ఉంది. చదివించుకుంటే అందులో పట్టాదారులే ఉన్నారు. కౌలుదారుని వంశం అక్కడ తెగిపోయింది. ముత్తవ్వ పేరైతే ఏ గడిలోనూ లేదు.

కరీంనగర్‌లో ఒక కూనపులి పెద్దాయనను కలిశాను. మా పద్మశాలీల ఇండ్ల ముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పే మిరాశి వాళ్లది. పటాలు రాసేది చేర్యాల నకాశీలు. మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఉన్నట్టే మాకు వీళ్లు.

"ఇంటిపేరు తర్వాత బిడ్డా, ముందు గోత్రం చెప్పు" అన్నాడు. చెప్పాను. మా మూలపురుషుడు భావనారుషి నుంచి ఎత్తుకున్నాడు, గొంతు వణుకుతున్నా ఎక్కడా తడబడలేదు. పైన పురాణం, కింద పహాణీ, నడుమ ఎన్ని తరాలో ఖాళీ. మరమగ్గాలొచ్చి మగ్గాలు మూలపడ్డాక పిలిచేవాళ్లు తగ్గారని, కొడుకు ఆటో నడుపుకుంటున్నాడని చెప్పాడు.

ఉట్నూరు మిత్రుడొకరు ఇదంతా విని, "అన్నా, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ రా" అన్నాడు. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం దగ్గర గోదావరి మీదుగా లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి. అడవిలో బస్సు నెమ్మదిగా పోయింది, తొందరపడే దారి కాదది.

అక్కడి నాగోబా జాతర గోండుల్లో మెస్రం వంశానిది. అందులో 22 కితలు, అంటే శాఖలు. గోండుల వంశకథలు పర్ధాన్ల నోట ఉంటాయి, కిక్రీ వాయిస్తూ పాడతారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల్లో, అంటే గోత్ర సమూహాల్లో, ఎవరిది ఏదో తెలియనిదే పెండ్లి మాట ఎత్తరు. ఒకే సగలో సంబంధం కలవదు. వంశం గుర్తుండడం అక్కడ రోజువారీ అవసరం. అందుకే నిలిచిందని నా నమ్మకం. భేటింగ్ చూసి నాకు ముత్తవ్వ గుర్తొచ్చింది. తెల్లచీరల్లో, ముసుగులతో కొత్త కోడళ్లను దేవుడి ముందు నిలిపి పెద్దలకు పరిచయం చేస్తారు. అప్పటి నుంచే వాళ్లు మెస్రం వాళ్లు. పహాణీలో లేని గడి ఇక్కడ ఉంది.

ఈ గోండుల జీవితాన్ని 1940లలో మార్లవాయిలో ఉండి రాసిన హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. అప్పటికి అది ఆస్ట్రియా-హంగరీ రాజధాని. ఆ రాజ్యంలోని హంగరీ భాగంలో 1895 అక్టోబరు నుంచి జననం, పెండ్లి, మరణం సర్కారు రిజిస్టర్లలో ఉన్నాయి, అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో. అక్కడి పేదరైతు మనుమడు ముత్తవ్వ పేరు చదువుకోగలడు. ఈ విషయంలో నాకు అసూయే.

వెదకదలచినవాళ్లు సర్వే నంబరుతో తహసీల్ ఆఫీసులో ఖాస్రా పహాణీ నకలు అడగండి. ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలుపుకోండి. అంతకన్నా ముందు, మీ కులం కథ చెప్పేవాళ్లు ఇంకా ఉంటే ఇంటికి పిలవండి, ఇవ్వాల్సిన కట్నం ఇవ్వండి, ఫోనులో రికార్డు చేసుకోండి. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల అవ్వల పేర్లు ఈ వారమే అడిగి రాసుకోండి.