డ్రైవర్ పట్టని డ్రైవర్

గోల్ఫ్ గురించి మనవాళ్లలో చాలామందికి తెలిసింది రెండే ముక్కలు. ఒకటి, అది డబ్బున్నవాళ్ల ఆట. రెండు, బంతిని వీలైనంత దూరం బాదాలి. మొదటిది ఊరిని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో క్లబ్ మెంబర్‌షిప్ నా జీతానికి అందేది కాదు. ఇప్పుడు నేనుండే డాలస్ చుట్టుపక్కల మాత్రం మున్సిపాలిటీలే నడిపే పబ్లిక్ కోర్సులున్నాయి. ఫోన్‌లో టైమ్ బుక్ చేసుకుని సాయంత్రం రేటుకి వెళ్తే, ఇద్దరం బయట బిర్యానీ తిన్నంత ఖర్చు. ఇక రెండో ముక్క ఏ ఊళ్లో అయినా తప్పే. ఆ తప్పు ఎంత ఖరీదైనదో నాకు అర్థమయ్యేలా చూపించింది కోచ్ కాదు, యాప్ కాదు. మా నాన్న.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. మొత్తం 18 హోల్స్. ప్రతి హోల్‌కీ ఒక పార్ ఉంటుంది. పార్ 4 అంటే నాలుగు దెబ్బల్లో బంతి గుంతలో పడాలని లెక్క. ఐదైతే బోగీ, ఆరైతే డబుల్ బోగీ. కోర్సు మొత్తానికి పార్ మామూలుగా 72. ఎవరు తక్కువ కొడితే వాళ్లే గెలిచినట్టు. ప్రతి హోల్‌కీ ఒక బోగీ చొప్పున వేసుకున్నా 90 వస్తుంది. శని ఆదివారాలు ఆడే మాలాంటి వాళ్లలో చాలామందికి ఆ 90 కూడా పండగే.

మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్. అందులో ఎక్కువ కాలం గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్ రోడ్డు మీదే. రిటైరయ్యాక ఆర్నెల్లకని అమెరికా వచ్చాడు. ఇక్కడికొచ్చే అమ్మానాన్నల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొద్దున వాకింగ్, మధ్యాహ్నం యూట్యూబ్, సాయంత్రం క్యాలెండర్ చూడటం. కారు లేకుండా కాలు బయటపెట్టలేని ఊరు. 31 ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి పక్క సీట్లో కూర్చుని "యాడికి పోతున్నాం?" అని అడగాల్సి వచ్చేది. అమ్మకి గుడి, చుట్టుపక్కల ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి సర్దుకుంది. నాన్న మాత్రం నెలన్నరకే తిరుగు టికెట్ ముందుకు జరపమన్నాడు.

అలా అడిగిన వారంలోనే ఆయన్ని నాతోపాటు కోర్సుకి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఇది రెండోసారి రావడం.

గేర్ రాడ్ లాగి లాగి ఆయన ఎడమ భుజం సగమే లేస్తుంది. ఎంత బలంగా ఊపినా బంతి 140 గజాలు దాటదు. కానీ దాదాపు ప్రతిసారీ అదే 140, దాదాపు అదే దిక్కు. బ్యాగులో అన్నిటికంటే పొడవైన కర్రని డ్రైవర్ అంటారని చెబితే నవ్వాడు. రెండుసార్లు ఊపి చూసి పక్కన పెట్టేశాడు. అప్పట్నుంచి టీ దగ్గర కూడా 5 వుడ్డే. మా టీమ్‌లో ఒంగోలు కుర్రాడు ఒకడున్నాడు, పాతికేళ్లవాడు. డ్రైవర్‌తో 250 గజాలు కొడతాడు. "ఆర్టీసీ డ్రైవర్ అయ్యుండి డ్రైవర్ పట్టరేంటి అంకుల్?" అని వాడి జోకు. ప్రతి వారం వేస్తాడు.

సరే, లెక్కలోకి వద్దాం. మనం ఒక షాట్ కొట్టేటప్పుడు మనసులో ఒక గీత గీసుకుంటాం, బంతి దాని మీదే పోతుందని. నిజానికి అలా పోదు. ఒకే క్లబ్‌తో వంద బంతులు కొడితే అవి చల్లిన వడ్లలాగా ఒక మేర పరుచుకుంటాయి. టీవీలో కనిపించే ప్రొఫెషనల్స్ డ్రైవర్ షాట్లని అలా పరిస్తే కూడా ఆ మేర వెడల్పు 60 గజాలు దాటుతుంది. వాళ్లదే అలా ఉంటే మనది ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఈ షాట్ బాగా తగిలితే ఎక్కడ పడుతుంది?" అని కాదు. "నా వడ్లన్నీ ఎక్కడెక్కడ పడతాయి, వాటిలో ఎన్ని చెరువులో పడతాయి?" అని.

మా ఆఫీసులో సర్వర్ స్పీడు గురించి సగటు చూపిస్తే సీనియర్లు ఒప్పుకోరు. "పీ99 ఎంత?" అంటారు. నూటికి ఆ చివరి ఒక్క రిక్వెస్టు ఎంత ఘోరంగా ఉందన్నదే వాళ్ల బాధ. గోల్ఫ్ కూడా అంతే. 100 దాటే స్కోరు కార్డుల్ని చూడండి. మామూలు షాట్ల వల్ల పాడైన కార్డు తక్కువ. రెండు మూడు హోల్స్‌లో వచ్చిన 8, 9 అంకెలే కొంప ముంచుతాయి. బంతి నీళ్లలో పడితే ఒక దెబ్బ జరిమానా. హద్దు బయటికి పోతే ఒక దెబ్బ జరిమానాతోపాటు మళ్లీ మొదట కొట్టిన చోటు నుంచే కొట్టాలి, అంటే ఆ దూరం కూడా పోయినట్టే.

ఇదంతా నాన్నకి గ్రాఫులు గీసి చెప్పాల్సిన పని పడలేదు. మొన్న 14వ హోల్ దగ్గర జరిగింది చెబుతాను. పార్ 4. గ్రీన్‌కి కాస్త ముందు ఒక వాగు అడ్డంగా ఉంటుంది. నాన్న ముందు టీ నుంచి ఆడతాడు, అక్కడ్నుంచి 310 గజాలు. మొదటి షాట్ 140. వాగు దాటాలంటే రెండోది 130 గజాలు గాల్లోనే పోవాలి. ఆయన కొట్టగలడు, ఐదింటికి రెండుసార్లు. చిన్న ఐరన్ తీసి 90 గజాలు కొట్టి వాగుకి ఇవతలే ఆగాడు. "ట్రై చేసుండొచ్చు కదా నాన్నా" అన్నాను, ఏమంటాడో విందామని. "అంత దూకే బస్సు నా దగ్గర లేదురా" అన్నాడు. మూడో షాట్ గ్రీన్ మీదికి, రెండు పట్‌లు. బోగీ.

ఒంగోలు కుర్రాడు వెనక టీ నుంచి 245 కొట్టాడు, కుడివైపు చెట్లలోకి. పక్కకి తట్టి ఫెయిర్‌వే మీదికి తెచ్చుకోవచ్చు. కానీ రెండు చెట్ల మధ్య తలుపంత సందు కనిపించింది, అందులోంచి గ్రీన్ కూడా. మొదటిసారి మానుకి తగిలి వెనక్కొచ్చింది. రెండోసారి సందు దాటి నేరుగా వాగులోకి. జరిమానా కలిపి చివరికి 8. తిరిగొస్తూ నాన్న వాడితో అన్నాడు: "సందు కనపడిందని దూరితే ఎదురుగా లారీ వస్తది నాయనా. రివర్స్ గేరు ఊరికే పెట్టినారా బండికి?" ఆ రోజు నాన్న 103, వాడు 107. ముందు టీ వల్లే గెలిచారని వాడి వాదన. ఆ వాదన నాకు నచ్చదు. 2011లో అమెరికాలో పీజీఏ, యూఎస్‌జీఏ కలిసి "టీ ఇట్ ఫార్వర్డ్" అని ప్రచారమే చేశాయి, ఎవరు కొట్టగల దూరానికి తగ్గ టీ నుంచి వాళ్లు ఆడమని. పిల్లాడికి పెద్ద సైకిల్ ఇచ్చి కాళ్లు అందట్లేదని వెక్కిరించడం ఎందుకు?

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. తెలివైన ఆట అంటే భయపడుతూ ఆడటం అని చాలామంది అనుకుంటారు. కాదు. కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ, పీజీఏ టూర్‌లో కొలిచిన లక్షల షాట్లని లెక్కకట్టి 2014లో "ఎవ్రీ షాట్ కౌంట్స్" అనే పుస్తకం రాశాడు. ఆయన లెక్క ప్రకారం మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండొంతులు 100 గజాల బయటి నుంచి కొట్టే షాట్లదే. పట్టింగ్ వాటా మనం అనుకునేదానికంటే తక్కువ. 8 అడుగుల పట్‌ని టూర్ ఆటగాళ్లే రెండుసార్లకి ఒకసారి వేస్తారు. అంటే దారిలో వాగూ చెట్లూ లేనప్పుడు గ్రీన్‌కి ఎంత దగ్గరికి కొడితే అంత లాభం. ఎదురుగా ఖాళీ మైదానం ఉంటే నాన్న కూడా 5 వుడ్ పూర్తిగా ఊపుతాడు. "నిదానంగా పోతే సేఫ్ అని ఎవరన్నారు? ఘాట్ ఎక్కేటప్పుడు ఊపు తగ్గితే బండి వెనక్కొస్తది" అంటాడు.

కోర్సుని బట్టి లెక్క మారుతుందనడానికి నాకు నచ్చే ఉదాహరణ 2006 బ్రిటిష్ ఓపెన్. హోయ్‌లేక్‌లో ఎండలకి గడ్డి గోధుమరంగుకి తిరిగి నేల గట్టిపడింది, బంతి దొర్లుతూనే పోతోంది. అక్కడి బంకర్లలో పడితే చాలాసార్లు పక్కకి తీసుకోవడమే గతి. అప్పటికి ప్రపంచ నంబర్ వన్ టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో డ్రైవర్ ఒక్కసారే వాడాడు. మిగతాదంతా ఐరన్లు, ఫెయిర్‌వే వుడ్లు. పార్ కంటే 18 తక్కువతో గెలిచాడు.

దీనికి రివర్స్ సీన్ 1999లో కార్నూస్టీలో. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కి మూడు దెబ్బల ఆధిక్యంతో వచ్చాడు. డబుల్ బోగీ చేసినా ఓపెన్ ఆయనదే. 12 బంతుల్లో 3 పరుగులు కావాల్సినట్టు. డ్రైవర్ తీశాడు. రెండో షాట్ 2 ఐరన్‌తో గ్రీన్ వైపే కొడితే ప్రేక్షకుల స్టాండ్‌కి తగిలి వెనక్కొచ్చి గుబురు గడ్డిలో పడింది. మూడోది వాగులోకి. బూట్లు, సాక్సులు విప్పి నీళ్లలో దిగిన ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. చివరికి 7. ప్లేఆఫ్‌లో స్కాట్లాండ్‌కి చెందిన పాల్ లారీ గెలిచాడు. ఈ వీడియో చూసి ఒంగోలు కుర్రాడు "అయినా దమ్మున్నోడు" అన్నాడు. నాన్న మాత్రం "పాపం, వెనక సీట్లలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది" అన్నాడు. నాకు ఇద్దరి మాటా కొంత నిజమనిపించింది. చెప్పులు విప్పి నీళ్లలో దిగిన మనిషిని తిట్టబుద్ధి కాదు.

ఇంకొన్ని చిన్న సంగతులు. జెండా గ్రీన్‌లో ఒక మూలన, బంకర్ పక్కనే పాతి ఉంటే దాన్ని చూడకండి, గ్రీన్ మధ్యలోకి కొట్టండి. "బస్టాండ్‌లోకి వస్తే చాలు, ఫలానా స్తంభం పక్కనే ఆపాలని రూలుందా?" ఈ మాట ఎవరిదో మీకు తెలుసు. మీ 7 ఐరన్ ఎంత దూరం పోతుందని అడిగితే జీవితంలో ఒక్కసారి వెనక గాలికి పోయిన దూరం చెప్పకండి. అది బైక్ కంపెనీ చెప్పే మైలేజీ లాంటిది. మనం రోజూ ట్రాఫిక్‌లో చూసే మైలేజీ వేరు. మామూలు ఆటగాళ్లు గ్రీన్‌ని ఎక్కువగా మిస్సయ్యేది ముందువైపే, ఎందుకంటే అందరూ ఆ కంపెనీ మైలేజీ నమ్మే క్లబ్ ఎంచుకుంటారు. ఒక నంబరు పెద్ద క్లబ్ తీయండి. 30 అడుగుల పట్‌ని గుంతలో వేసేయాలని చూడకుండా, పక్కన ఆపితే రెండో దానితో పని అయిపోతుంది.

నాన్న తిరుగు టికెట్ నవంబర్ 9న. ఈసారి దాన్ని ముందుకి కాదు, వెనక్కి జరపొచ్చేమో కనుక్కోమన్నాడు. ఎయిర్‌లైన్స్ వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాను. ఈ శనివారం 6:50కి టీ టైమ్ దొరికింది. ఒంగోలు కుర్రాడూ వస్తున్నాడు, 5 వుడ్ కొన్నాడట.