నాగజెముడు ఫలహారం

మా నాన్నగారు వీధిలో వండిన పదార్థం నోట పెట్టి ఎరగరు. నేనూ అంతే. మా వీధి చివర ఏళ్ళ తరబడి ఒకామె బండిమీద పునుగులు వేస్తూంటే, అటు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అరవై ఎనిమిదేళ్ళు కాపాడుకొచ్చిన ఈ నిష్ఠ చివరికి ఎక్కడ చెడిందనుకున్నారు? లాస్ ఏంజెలెస్ నగరంలో, మా అబ్బాయి ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక పేవ్‌మెంటు మీద!

మావాడూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకి వెళ్ళిపోతారు. ఇంట్లో మిగిలేది నేనూ, గోడ గడియారమూ. సాయంత్రం కాస్త నడుద్దామని బయల్దేరితే, మలుపులో ఒక చిన్న గుడారం, దాని కింద దీపాలు, పెద్ద పెనం, చుట్టూ జనం. టాకోల దుకాణం. టాకో అంటే మరేం లేదు. అరచెయ్యంత మొక్కజొన్న రొట్టెలో ఇంత కూర పెట్టి, ఉల్లిపాయ ముక్కలూ కొత్తిమీరా చల్లి, నిమ్మకాయ పిండి, మడిచి తినడం. మెక్సికోవారి తిండి.

ఆ రొట్టె వాసన రోజూ నా కాళ్ళకి అడ్డం పడేది. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రల్లా నానబెట్టి, పొట్టు పోయేలా కడిగి రుబ్బిన పిండి అది. సున్నం పడితేనేగాని పిండి ముద్ద కట్టదు. గింజలోని సత్తువా ఒంటికి పట్టదు. తాంబూలంలో తప్ప సున్నం తిని ఎరగని నాకు ఇదో వింత.

నాలుగు రోజులు ఊగిసలాడి మావాడితో అన్నాను. "వెళ్ళండి నాన్నగారూ, భయమేముంది?" అని నవ్వి, ఒక కాగితంమీద "సిన్ కార్నే" అని తెలుగక్షరాల్లో రాసిచ్చాడు. స్పానిష్‌లో "మాంసం లేకుండా" అని అర్థం.

మర్నాడు ఆ మంత్రం జపించుకుంటూ వెళ్ళి నుంచున్నాను. పెనం దగ్గర ఉన్నామె మా అమ్మాయి ఈడుది. పక్క గిన్నెలో బీన్సు ముద్దపప్పులా కుతకుతలాడుతున్నాయి. మాంసం కాదుకదా అని వేలు పెట్టి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చూపించాను. గరిటె కింద పెట్టి, పన్నెండేళ్ళ కొడుకుని పిలిచి ఏదో చెప్పింది.

"అయ్యా, అందులో పందికొవ్వు వేస్తాం. మీకు పనికిరాదంటోంది అమ్మ" అన్నాడు ఆ కుర్రాడు ఇంగ్లీషులో.

నా వెనక పదిమంది నుంచుని ఉన్నారు. ఆ బీన్సే పెట్టి డబ్బు పుచ్చుకుంటే ఆమెకి పోయేదేముంది? నాకు తెలిసేదెలాగ? ఆమె పెనంలో ఒక మూల శుభ్రంగా గీకి, తుడిచి, ఏవో పచ్చటి ముక్కలు వేయించి, జున్నులాంటిది తురిమి రొట్టెలో పెట్టి ఇచ్చింది. ఏమిటవి అంటే కుర్రాడు ఫోనులో బొమ్మ చూపించాడు. నాగజెముడు! మన పొలాలకి కంచె వేసే ఆ ముళ్ళ మొక్క జాతే! లేత మట్టల ముళ్ళు గీసేసి వండుతారట. కాస్త పులుపూ, బెండకాయలాగ కాస్త జిగురూ. బాగుంది.

పచ్చడి వేసుకున్నాను. కళ్ళ నీళ్ళు తిరిగాయి. గుంటూరువారి అల్లుణ్ణి నేను! మిరపకాయ పుట్టిల్లు మెక్సికో అనీ, పోర్చుగీసువారి ఓడల్లో మనకి వచ్చిందనీ చదివినవాణ్ణే. పుట్టింటి కారం ఎలాంటిదో అప్పుడు తెలిసింది. ఆమె నవ్వుతూ ఎర్రటి పానకం అందించింది. అది ఎండబెట్టిన గోంగూర పూలు కాచిన నీళ్ళు!

తిరిగి నడుస్తూంటే మాత్రం అడుగు ముందుకు పడలేదు. ఇక్కడా ఇలాంటి వీధి వ్యాపారుల్ని నేరస్థుల్లా చూసేవారట. 2019 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా చట్టం ఆ పద్ధతి మాన్పించిందని మావాడు చెప్పాడు. మన పార్లమెంటు 2014లోనే వీధి వ్యాపారుల కోసం చట్టం చేసింది. అది నాకు తెలుసు. తెలిసీ 2017లో మా వీధి పెద్దమనుషులతో కలిసి ఆ పునుగుల బండి తీయించెయ్యాలని అర్జీ పెట్టాను. దస్తూరీ బాగుంటుందని నాచేతే రాయించారు. కల్తీ నూనె, అశుభ్రం, దారికి అడ్డం అని మూడు కారణాలు రాశాను. మూడోదాంట్లో కొంత నిజం ఉంది. మొదటి రెండూ ఆ బండి దగ్గరికైనా వెళ్ళకుండా రాసినవి.

వారం తిరక్కుండా బండి లేచిపోయింది. ఆ సాయంత్రం ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. "బాబుగారూ, ఎవరో నామీద అర్జీ పెట్టారంట. మీరు చదువుకున్నోరు, నా తరపున ఒక కాయితం రాసిపెట్టండి" అంది. పని ఉందన్నాను.

ఈ కథ మావాడికి ఇంతవరకూ చెప్పలేదు. వాడు ఇది చదువుతాడు కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది.

వచ్చే నెల ఊరికి వెళుతున్నాను. ఆమె ఎక్కడుందో వెతకాలి. దొరికితే ముందు పునుగులు తినాలి, డబ్బిచ్చి. ఆ తరవాత ఆమె అడిగిన కాయితం రాయాలి. దస్తూరీ ఇంకా చెడలేదు.