నీనెవె సీమలోని ఒక తల్లి సాక్ష్యం



2014 ఆగస్టులో మా సంఘపు స్త్రీల కూటంలో మూడు దినాలు ఉపవాస ప్రార్థనలు పెట్టుకున్నాము. ఇరాకు దేశంలో ఐసిస్ అనే ఉగ్రవాదులు మోసూలు పట్టణాన్ని పట్టుకొని, క్రైస్తవుల ఇండ్ల గోడలమీద ఒక అరబ్బీ అక్షరం గుర్తుగా వ్రాసి, వారిని కట్టుబట్టలతో వెళ్లగొట్టారని పేపర్లలో వచ్చింది. ప్రార్థనాంశాల చీటీ నేనే వ్రాశాను. అందులో మోసూలు క్రైస్తవులున్నారు, పాడైపోయిన గుడులున్నాయి. అదే నెలలో, అదే నీనెవె రాష్ట్రంలో ఘోరమైన శ్రమల పాలైన యాజిదీల పేరు మాత్రం లేదు. వారెవరో అప్పటికి నాకు తెలియదు. తెలిసినా "మనవాళ్లు కాదులే" అనుకొని ఉండేదాన్నేమో.

నీనెవె అనగానే మనకు యోనా గుర్తుకు వస్తాడు. ఆ పాత పట్టణపు శిథిలాలు మోసూలులోనే ఉన్నాయి. యోనాకు కూడా నీనెవెవారు తనవాళ్లు కారు. వారిమీద దేవుడు జాలిపడడమే ఆయనకు గిట్టలేదు. నాలోనూ ఒక యోనా ఉన్నాడని నాకు తెలియడానికి నాలుగేండ్లు పట్టింది. 2018లో నాదియా మురాద్ అనే యాజిదీ ఆడబిడ్డకు నోబెల్ శాంతి బహుమానం వచ్చినప్పుడు ఆ ప్రజల సంగతి మొదటిసారి శ్రద్ధగా చదివాను.

యాజిదీలు సింజారు కొండ చుట్టూ తరతరాలుగా కాపురమున్న పురాతన ప్రజలు. కుర్దు భాష మాట్లాడతారు. దేవుడు ఒక్కడే అని నమ్ముతారు. తమవారిని తప్ప ఇతరులను పెండ్లాడరు. ఐసిస్ వారు వీరిపై సాతాను పూజించేవారని ముద్ర వేసి, 2014 ఆగస్టు 3న వీరి ఊళ్లమీద పడ్డారు. వేలాదిమంది నీళ్లు దొరకని ఆ కొండమీద చిక్కుకున్నారు. నాదియా పుట్టిన కోచో అనే ఊరిలో ఆగస్టు 15న మగవారిని వేరుచేసి కాల్చి చంపారు. స్త్రీలను, పిల్లలను చెరపట్టి సంతలో పశువులను అమ్మినట్టు అమ్మారు. అలా ఎత్తుకుపోయినవారు సుమారు 6,400 మంది. వారిలో రెండున్నర వేలమందికి పైగా జాడ నేటికీ తెలియదు.

అలా అమ్ముడుపోయినవారిలో ఒక తల్లి, ఆమె అయిదేండ్ల కూతురు ఉన్నారు. 2015లో ఫల్లూజా పట్టణంలో ఒక ఐసిస్ మనిషి, జర్మనీ నుండి వచ్చిన అతని భార్య వీరిని బానిసలుగా ఉంచుకున్నారు. పాప ఒకనాడు పడక తడిపింది. అందుకు శిక్షగా అతడు ఆ పసిదాన్ని మండుటెండలో గొలుసుతో కట్టేశాడు. దాహంతో ఆ బిడ్డ చనిపోయింది. తల్లి చూస్తూ ఉండవలసి వచ్చింది.

ఆ తల్లి ఎవరి దగ్గరకు వెళ్లాలి? హేగ్ నగరంలోని అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో ఇరాకు సభ్యదేశం కాదు. ఇరాకు కోర్టులు ఐసిస్ వారిని ఉగ్రవాద చట్టం క్రింద శిక్షించాయి గాని, ఒక జాతినే తుడిచివేయ చూసిన నేరానికి అక్కడ చట్టం లేదు. అయితే జర్మనీలో 2002 నుండి ఒక చట్టం ఉన్నది. జాతి నిర్మూలన వంటి నేరం ఏ దేశంలో జరిగినా, ఎవరు చేసినా, తమ కోర్టులో విచారించవచ్చునని దాని సారాంశం.

ఆ హంతకుని భార్య జర్మనీకి తిరిగి వచ్చింది. 2018లో మళ్లీ సిరియాకు బయలుదేరి, కారు నడిపేవాడితో ఆ పాప సంగతి తానే చెప్పింది. అతడు పోలీసులకు సమాచారమిచ్చే మనిషి. కారులో మాటలన్నీ రికార్డు అవుతున్నాయి. ఆమె భర్తను 2019లో గ్రీసు దేశంలో పట్టుకొని జర్మనీకి అప్పగించారు. ఆ తల్లిని కూడా వెదకి కనుగొన్నారు. ఆమె పరాయి దేశపు కోర్టులో నిలబడి, దుబాసీ ద్వారా తన బిడ్డ సంగతి చెప్పింది. 2021 నవంబరు 30న ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. యాజిదీలపై జరిగినది జాతి నిర్మూలన అని ఒక ఐసిస్ మనిషిని దోషిగా తేల్చిన మొదటి తీర్పు లోకంలో అదే. తీర్పు చదువుతుండగా అతడు స్పృహ తప్పి పడిపోయాడు. అతని భార్యకు మ్యూనిక్ కోర్టు వేసిన 10 ఏండ్ల శిక్షను 2023లో 14 ఏండ్లకు పెంచారు. 2025 ఫిబ్రవరిలో స్వీడన్ కోర్టు కూడా యాజిదీల విషయంలోనే ఒక స్త్రీని ఇదే నేరానికి శిక్షించింది.

ఒక్కొక్క తీర్పు వెనుక ఎంత ఓపిక ఉన్నదో చూడండి. ఐసిస్ వారు పారిపోతూ వదిలిన కాగితాలను, మనుషులను అమ్మిన పత్రాలను ఏరుకున్నారు. 2017లో ఐక్యరాజ్య సమితి ఒక దర్యాప్తు బృందాన్ని ఏర్పరచింది. 2024 సెప్టెంబరులో దాని పని ముగిసింది. 2019 మార్చిలో కోచోలో సామూహిక సమాధులు తవ్వడం మొదలుపెట్టారు. ఎముకలను బంధువుల రక్తంతో పోల్చి, ఎవరు ఎవరో తేల్చి, 2021 ఫిబ్రవరిలో 104 మందిని సొంత ఊరిలో పాతిపెట్టారు. 2014లో మోసూలులో చెరపట్టబడి హతులైన మన దేశపు కూలీలు 39 మందిని కూడా ఇటువంటి పరీక్షతోనే 2018లో గుర్తుపట్టారు.

అన్నిటికంటె కష్టమైనది సాక్ష్యం తీసుకోవడం. చెరనుండి బయటపడిన స్త్రీలను పత్రికలవారు, అధికారులు, సేవా సంఘాలవారు అడిగిందే అడిగారు. చెప్పిన ప్రతిసారీ గాయం మళ్లీ రేగింది. ఒకసారి చెప్పినదానికీ మరొకసారి చెప్పినదానికీ చిన్న తేడా ఉంటే ఎదుటి వకీలు దాన్నే పట్టుకున్నాడు. అందుచేత మంచి దర్యాప్తుదారులు తొందరపెట్టరు. ఆమె నమ్మే దుబాసీని పెడతారు. ఆపమంటే ఆపుతారు. నెరవేర్చలేని వాగ్దానం చేయరు. ఆమె మాట ఆమె చెప్పినట్టే వ్రాసుకుంటారు.

ఈ సంగతి మా కూటంలో చెప్పినప్పుడు ఒక అక్కయ్య అడిగింది: "క్షమించాలి గదమ్మా, ఇన్నేండ్ల తరువాత కోర్టులెందుకు?" న్యాయమైన ప్రశ్నే. చాలా దినాలు ఆలోచించాను. క్షమించడం ఆ తల్లి చేతిలో ఉన్నది. ఆమె మూట విప్పి మనం పంచిపెట్టలేము. జక్కయ్యకు రక్షణ వచ్చిన దినాననే అతడు అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్నాడు. న్యాయాధిపతి గుమ్మం విడువని విధవరాలిని ప్రభువు తప్పుపట్టలేదు, మనకు మాదిరిగా చూపించాడు. క్షమాపణ నిజాన్ని పాతిపెట్టదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేండ్ల క్రిందట మా కూటానికి వచ్చే ఒక చెల్లెలు, తాను పనిచేసే చోట తనకు జరిగిన అన్యాయం చెప్పుకోవడానికి నా దగ్గరకు వచ్చింది. నాలుగు మాటలు వినీ వినకముందే, "ప్రార్థన చేద్దాం తల్లీ, దేవుడే చూసుకుంటాడు" అని కండ్లు మూసుకున్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరచిపోయిందనుకున్నాను. నిజానికి ఆమె ముఖంమీద తలుపు మూసింది నేనే. నా ప్రార్థనను తలుపు గడియగా వాడుకున్నాను.

మొన్న ఆమె ఇంటికి వెళ్లాను. "ఆనాడు నీ మాట విననందుకు నన్ను క్షమించు చెల్లీ. నీకు ఇష్టమైతే ఈ రోజు వింటాను" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత చాప పరచింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళదాకా విన్నాను. ఆమె కోరిన మీదట తేదీలు, పేర్లు వ్రాసిపెట్టాము. తరువాత ఏమి చేయాలో నిర్ణయించుకోవలసింది ఆమె. వెంట నడవవలసింది నేను.

ప్రియులారా, భూమిమీద జరిగిన మొదటి హత్యను విచారించినవాడు దేవుడే. హేబెలు సంగతి ఆయన మరువలేదు, తమ్ముడెక్కడని అన్నను అడిగాడు. ఇరాకులో మట్టి జల్లెడ పట్టేవారు, పరాయి కోర్టులో ఒక తల్లి మాటలను ఓపికగా వ్రాసుకునేవారు ఆ ప్రశ్ననే మళ్లీ అడుగుతున్నారు. ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఇంకా జాడ తెలియని యాజిదీ బిడ్డలను, సాక్ష్యమిచ్చే స్త్రీలను, వారి మాట వినేవారిని జ్ఞాపకం చేసుకోండి. మీ గుమ్మంలోకి కన్నీళ్లతో ఎవరైనా వస్తే, ముందు కూర్చోబెట్టి పూర్తిగా వినండి. తరువాత ప్రార్థించండి.

నా చీటీలో ఇప్పుడు వారి పేరు ఉన్నది.