పుస్తకంలో లేని గడి



క్యాంపస్ పిల్లల మానసిక స్థితి గురించి పోయిన భాగంలో రాశాక మన సంఘం మిత్రుడొకడు ఫోన్ చేసి సూటిగా అడిగాడు. "అన్నా, రోగం కులానిది. మందు మన పిల్లలు మింగడమేంటి?" అని. తీసిపారేసే ప్రశ్న కాదు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్న తరం మాది. అప్పట్నుంచి ఏ గొడవ జరిగినా "కౌన్సెలింగ్ ఇప్పిస్తాం" అనే మాట వినీ వినీ, ఆ మాటంటేనే ఒళ్ళు మండే దాకా వచ్చాం. ఐనా ఈ వారం నేను మాట్లాడేది ఆ వైపు నుంచే. కాస్త ఓపిక పట్టండి.

నేను చెప్పేది గైడెడ్ సెల్ఫ్ హెల్ప్ గురించి. దీన్ని 'స్వయం సహాయం' అంటే మా అమ్మకి పొదుపు సంఘం గుర్తొస్తుంది. ఆ పోలిక మరీ దూరమేం కాదు. సంఘంలో డబ్బు మనదే, లెక్క రాసే మనిషి ఒకరు పక్కన ఉంటారు. ఇక్కడ ఒక చిన్న వర్క్‌బుక్, ఐదారు వారాల పని. వారానికో భాగం చదివి, చెప్పింది చేసి, రాసుకోవాలి. వారానికోసారి గైడ్ ఇరవై నిమిషాలో అరగంటో మాట్లాడతాడు. గైడ్ డాక్టర్ కానక్కర్లేదు, శిక్షణ తీసుకున్న మామూలు మనిషి చాలు. ఉత్త పుస్తకం చేతిలో పెట్టి పంపిస్తే చాలామంది మధ్యలో వదిలేస్తారు. అడిగే మనిషి ఉంటే పని ముందుకు సాగుతుంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తీవ్రత తక్కువ ఉన్న డిప్రెషన్‌కి ముందుగా ఆలోచించమన్నది దీన్నే.

ఇదంతా కడుపు నిండినోళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళకి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'సెల్ఫ్ హెల్ప్ ప్లస్'ని ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ శరణార్థి ఆడవాళ్ళ మధ్య పరీక్షించారు. ఆడియో పాఠాలు, బొమ్మల పుస్తకం, కొద్దిపాటి శిక్షణ ఉన్న మనుషులు, అంతే. యుద్ధం అలాగే ఉన్నా వాళ్ళ మనసు మీద బరువు కొంత దిగింది.

అన్నిటికీ ఇది పనికిరాదు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది, మొత్తం 27 మార్కులు. 5 నుంచి 9 మధ్య వస్తే స్వల్పం అంటారు. మా దగ్గర పుస్తకం వాళ్ళకే. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే పుస్తకం పక్కన పెట్టేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. 14416 టెలీ మానస్ నంబర్. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

మా కాలేజీలో సైకాలజీ మేడమ్ నలుగురు లెక్చరర్లకి శిక్షణ ఇచ్చారు. నేను చదివింది తెలుగు సాహిత్యం కాబట్టి కాగితాలు తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. 'డిస్ట్రెస్' దగ్గరే ఆగిపోయా. నిఘంటువు చూస్తే 'వ్యాకులత'. హాస్టల్లో ఏ పిల్లాడైనా "నాకు వ్యాకులతగా ఉంది సార్" అంటాడా? వాళ్ళని అడిగితే వచ్చిన మాటలు గుబులు, బెంగ, దడ, ఏం తోచట్లేదు, తల బరువు. ఒకమ్మాయి "లోపల ఎవరో కూర్చున్నట్టుంది సార్" అంది. అవన్నీ వర్క్‌బుక్‌లోకి ఎక్కించాం. ఇంట్లోవాళ్ళని నిరాశపరిచానని అనిపిస్తోందా అని అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు దాని దగ్గర పెన్ను పట్టుకుని ఎంతసేపు ఆగుతారో మేం చూశాం.

ఇంకో చిక్కుంది. ఒక రూములో ఎనిమిది మంది ఉండే హాస్టల్లో ఈ పుస్తకం ఎక్కడ దాచాలి? మేం దానికి మామూలు నోట్స్ అట్ట వేశాం, 'ఛందస్సు' అని రాసి. ఛందస్సు పుస్తకం ఎవడూ తెరవడు.

ఇక అసలు సంగతి. సెకండియర్ కుర్రాడు, సోషల్ వెల్ఫేర్ హాస్టల్. సాయంత్రం వాలీబాల్ మానేశాడు, క్లాసులో ఆఖరి బెంచీకి మారాడు. (అతనికి చెప్పి, ఆనవాళ్ళు మార్చే రాస్తున్నా.) మూడో వారం పనిలో ఒక పట్టిక ఉంటుంది. ఏం జరిగింది, నీకేం అనిపించింది, దానికి ఆధారమేంటి, దానికి వ్యతిరేకంగా ఆధారమేంటి. అతను రాసింది ఇదీ. 'సెమినార్‌కి లేచా. వెనక ఇద్దరు నవ్వారు. కోటా గాడినని నవ్వారు అనిపించింది.' ఆధారం గడిలో, క్లాస్ గ్రూపులో వాళ్ళు పెట్టిన మెసేజ్ తేదీతో సహా రాశాడు. నాలుగో గడి ఖాళీ.

"సార్, ఇక్కడ అబద్ధం రాయాలా?" అన్నాడు.

ఒంటరిగా ఆ పుస్తకం ముందు కూర్చున్న దళిత విద్యార్థికి ఈ గడి ప్రమాదకరం. నీ కంటితో చూసినదాన్ని నీ ఆలోచనలో లోపమని నువ్వే రాసుకోవాల్సి వస్తుంది. సూటేసుకుని వచ్చే మోటివేషన్ స్పీకర్లు మైకులో చేసే పని కూడా ఇదే. గైడ్ ఎందుకు కావాలంటే, ఇదిగో, ఇక్కడ. మేం ఆ పట్టికలో ఇంకో గడి గీశాం. 'ఇది నా ఆలోచనా, వాళ్ళు చేసిన పనా?' నవ్వు, మెసేజ్ వాళ్ళ పని. దానికి వేరే కాగితం, అంటే ఎవరికి చెప్పాలి, రాతపూర్వకంగా ఎప్పుడివ్వాలి, పక్కన ఎవరు వస్తారు. కానీ అదే సంఘటన లోంచి అతని బుర్రలో ఇంకో వాక్యం మొలిచింది, 'నేను జన్మలో సెమినార్ ఇవ్వలేను' అని. పట్టికలో పెట్టాల్సింది దాన్ని. దానికి వ్యతిరేకంగా ఆధారం అడిగితే రెండు నిమిషాల్లో నాలుగు రాశాడు. ఇంటర్లో జిల్లా స్థాయి వక్తృత్వంలో బహుమతి కూడా ఉందట, నాకే తెలీదు.

నా మిత్రుడికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ రెంటినీ విడదీయకపోతే ఫిర్యాదు రాసే ఓపిక కూడా మిగలదు. నా పీహెచ్‌డీలో ఫెలోషిప్ ఏడు నెలలు ఆగినప్పుడు నేను థీసిస్ ఫైలే తెరవలేదు. ఒక సీనియర్ అన్న రోజూ సాయంత్రం టీకి లాక్కెళ్ళి "ఇవాళ ఎన్ని పేజీలు?" అని అడిగేవాడు. ఫెలోషిప్ కోసం ఆఫీసుకీ తనే వెంటవచ్చేవాడు. ఆయన ఏ శిక్షణా తీసుకోలేదు. మన సంఘాల్లో సీనియర్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనికి వీళ్ళు క్రమం, వారాలు, కాగితాలు కలిపారు. అవి మనం తీసుకోవచ్చు.

అలాగని మేనేజ్‌మెంట్లు తప్పించుకోవడానికి ఇది దారి కాకూడదు. విశాఖలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని. మా దగ్గర ఆ హోదా ఇంకో సబ్జెక్టు సారుకి అదనపు బాధ్యతగా కాగితం మీద ఉంది. వర్క్‌బుక్ చూపించి పోస్టు ఎగ్గొడతామంటే ఊరుకోం.

కుర్రాడు ఐదో వారం సెమినార్ ఇచ్చాడు, పదకొండు నిమిషాలు. మంగళ, గురువారాలు గ్రౌండ్‌కి వెళ్తున్నాడు. ఫిర్యాదు మీద కమిటీ ఇంకా కూర్చోలేదు. మొన్న ఇద్దరం వెళ్ళి అడిగితే "ఫైల్ సర్క్యులేషన్‌లో ఉంది" అన్నారు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.